పదకొండేళ్లు ఫీల్డ్‌లో చేశాక లీడర్‌షిప్‌లో పీజీ కోర్సు... చేయాలా, వద్దా?

గుణదల_సరళ

విజయవాడలో ఒక స్వచ్ఛంద సంస్థలో పనిచేస్తున్నాను. 2014లో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు వలంటీరుగా వైజాగ్ వెళ్లాను, అదే ఉద్యోగమైపోయింది. వరదలు, తుఫాన్లు, గుడిసెలు కాలిపోవడాలు, ఏది జరిగినా మొదటి బండిలో నేనుంటాను. ఇప్పుడు విపత్తు సహాయంలో పనిచేసేవాళ్ల కోసమే పెట్టిన ఒక పీజీ స్థాయి లీడర్‌షిప్ కోర్సులో సీటు వచ్చింది. ఏడాది కోర్సు. చాలావరకు ఆన్‌లైన్, రెండుసార్లు విదేశంలో క్లాసులు. స్కాలర్‌షిప్ సగానికే. మిగతాది మేమే పెట్టుకోవాలి. పాప ఆరో తరగతి. మా డైరెక్టర్ గారేమో "ఇన్నేళ్లు నీళ్లలో నడిచావు, నీకు క్లాసులో చెప్పేవాళ్లెవరమ్మా" అంటున్నారు.

ఈ ఆలోచన ఎందుకొచ్చిందో చెప్తాను. 2024 సెప్టెంబర్, బుడమేరు వరద. మూడో రోజు సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దగ్గర ఉన్నాం. తెల్లవారుజామున ఐదింటికి వండించిన సాంబారన్నం, 800 ప్యాకెట్లు. వేడివేడిగా కవర్లలో కట్టేశారు. పడవ దొరికేసరికి మధ్యాహ్నం రెండు. కవర్లు ఉబ్బి ఉన్నాయి. మా కుర్రాళ్లు "అక్కా, మేడల మీద జనం మూడు రోజులుగా చూస్తున్నారు, ఎక్కించేద్దాం" అన్నారు. నాకు అనుమానం. డైరెక్టర్ గారి ఫోన్ కలవట్లేదు. ఎక్కించమనలేను, వద్దనలేను. ఇరవై నిమిషాలు అలాగే నిలబడ్డాను.

మాతో వంటకు వచ్చే డ్వాక్రా గ్రూపు మంగమ్మ పిన్ని ఒక కవరు విప్పింది. వేళ్లతో అన్నం కలిపి చూసింది. తీగ సాగింది. "పాచిపోయింది. మన పిల్లలకు పెట్టంది వాళ్లకెట్టా పెడతామే?" అని ఆ సంచులన్నీ పక్కకు లాగించి, మంచినీళ్ల క్యాన్లు, పాలు, బ్రెడ్డు ఎక్కించింది. పడవ వెళ్లిపోయింది.

టీం లీడర్ని నేను. నిర్ణయం తీసుకున్నది ఆవిడ. ఆ ఇరవై నిమిషాలు ఏం చేయాలో కోర్సులో నేర్పుతారా? చేసినవాళ్లుంటే చెప్పండి.

పాత_కాపు

నేర్పరు. ఒడ్డున కూర్చోబెట్టి ఈత నేర్పినట్టు ఉంటుంది. తిత్లీ తుఫాను టైంలో మా దగ్గరకు పెద్ద డిగ్రీలున్న ముగ్గురు మేనేజర్లు వచ్చారు. వారం గడిచినా ఏ ఊరు ఏ మండలంలో ఉందో వాళ్లకు తెలియలేదు. రిపోర్టు మాత్రం అద్భుతంగా రాశారు. ఆ డబ్బు పాప చదువుకు దాచుకోండి.

108_పైలట్

నేర్పుతారు అని నేనంటాను. మాకు ట్రయాజ్ (ఎవరికి ముందు చికిత్స అని తేల్చే పద్ధతి) నేర్పకముందు యాక్సిడెంట్ స్పాట్‌కి వెళ్తే ఎవరు గట్టిగా అరిస్తే వాళ్ల దగ్గరికి పరుగెత్తేవాళ్లం. నేర్చుకున్నాక తెలిసింది, అరుస్తున్నాడంటే ఊపిరి ఆడుతున్నట్టే. ముందు చూడాల్సింది సౌండ్ లేకుండా పడి ఉన్నవాడిని. ఎరుపు అంటే వెంటనే చూడాలి, పసుపు కాస్త ఆగొచ్చు, ఆకుపచ్చ చిన్న దెబ్బలు, నలుపు పోయినవాళ్లు, ఇక బతికే ఆశ లేనివాళ్లు. ఎవరిది ఏ రంగో మొదటి నిమిషంలో తేల్చెయ్యాలి. ఇది ఒంటికి పుట్టుకతో వచ్చే తెలివి కాదు, ఎవరో కూర్చోబెట్టి చెప్పాలి, వంద సార్లు చేయించాలి.

ఐసీయూ_సిస్టర్

పైలట్ గారూ, నలుపు ట్యాగ్ కట్టే చెయ్యి ఎవరిదో వాళ్లకు ఆ రాత్రి నిద్రపట్టదు. అది కూడా ఎవరైనా చెప్పాలి.

2021 మే, కోవిడ్ రెండో వేవ్. మా వార్డులో ఆక్సిజన్ బెడ్లు పది, బయట ఆటోల్లో పాతికమంది. మా హెడ్ డాక్టర్ అమ్మ రోజూ పొద్దున జూనియర్లందరినీ నిలబెట్టి ఒకే మాట చెప్పేది: "బెడ్ ఎవరికి అన్నది నా నిర్ణయం. మీది కాదు. ఎవరైనా తిడితే నా పేరు చెప్పండి." ఆ ఒక్క మాటతో మేం పనిచేయగలిగాం. రెండు నెలల్లో మా వార్డు నుంచి ఒక్కరు కూడా ఉద్యోగం మానలేదు. సరళగారూ, మీ దగ్గర ఆ రోజు ఆ మాట చెప్పేవాళ్లు లేరు. లోపం అక్కడుంది, మీలో కాదు.

గుణదల_సరళ

సిస్టర్ గారూ, ఇది చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. థాంక్స్.

జుబా_నుంచి

నేను చేశాను ఇలాంటి కోర్సు. దక్షిణ సూడాన్‌లో లాజిస్టిక్స్ చూసేవాణ్ణి. ఎనిమిదేళ్ల సర్వీసు తర్వాత చేరాను. పాత_కాపు గారి మాట సగం నిజం. తుఫాను ఎలా వస్తుంది, ఐక్యరాజ్యసమితి ఎలా నడుస్తుంది అని చెప్పే భాగం చాలావరకు నాకు తెలిసిందే. 2005లో క్లస్టర్లు (రంగాలవారీగా సంస్థల జట్లు) ఎందుకు పెట్టారు, నీళ్లు ఒకరు, ఆరోగ్యం ఒకరు, గూడు ఒకరు ఎందుకు సమన్వయం చేయాలి, ఇవన్నీ మీటింగుల్లో కూర్చుని నేర్చుకున్నవే.

నన్ను మార్చింది సిమ్యులేషన్. నాలుగు రోజులు ఒక లేని దేశం, లేని భూకంపం. రాత్రి మూడింటికి లేపేస్తారు. రేడియో పనిచేయదు. చెక్‌పోస్టులో ఒక నటుడు ట్రక్కు ఆపేసి కదలనివ్వడు. ఇంకొకాయన జర్నలిస్టు వేషంలో వచ్చి మైకు మూతి దగ్గర పెడతాడు. నాలుగో రోజుకు మేం ఒకరి మీద ఒకరం అరుచుకుంటున్నాం. అయిపోయాక అసలు క్లాసు మొదలైంది. వీడియో వేసి చూపించారు. మా టీంలో కెన్యా అమ్మాయి మూడుసార్లు "ఆ దారి మూసేశారు" అని చెప్పింది. మూడుసార్లూ నేను వినకుండా పక్కనున్న మగవాళ్ల వైపు తిరిగాను. నాకు ఆ సంగతి అసలు గుర్తే లేదు. ఎనిమిదేళ్లు ఫీల్డ్‌లో ఎన్నిసార్లు అలా చేశానో, ఎవరు చెప్తారు? నా కింద పనిచేసేవాళ్లు చెప్పరు, పైవాళ్లు చూడరు.

తప్పు చేస్తే ఎవరూ చావని చోట తప్పు చేయనిచ్చారు. నేను ఫీజు కట్టింది దానికి. మీ కోర్సులో సిమ్యులేషన్ ఉందా, ఆ తర్వాత కూర్చోబెట్టి మాట్లాడే టైం ఎంత, ముందు అది అడగండి. లేదంటే చేరకండి.

పాత_కాపు

వీడియో సంగతి బాగుంది, ఒప్పుకుంటున్నాను. కానీ ఆ నాలుగు రోజులు ఇక్కడ మనమే పెట్టుకోవచ్చు కదా? దానికి విమానం ఎక్కాలా?

తుఫాను_తహశీల్దారు

రెవెన్యూలో 35 ఏళ్లు చేసి రిటైరయ్యాను. కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిక పట్టండి.

1977 నవంబర్ 19 నాటికి నాకు 19 ఏళ్లు. ఉప్పెన తర్వాత దివిసీమకు మా కాలేజీ కుర్రాళ్లం వెళ్లాం. ముక్కుకు తువ్వాలు కట్టుకుని, పొలాల్లో, ముళ్లకంపల్లో చిక్కుకున్న శవాలు తీశాం. పదివేల మందికి పైగా పోయారు. మనసున్నవాళ్లు రాష్ట్రం నలుమూలల నుంచీ వచ్చారు. ఒకే ఊరికి మూడు లారీల బట్టలు, పక్క ఊరికి గుక్కెడు నీళ్లు లేవు. ఎవరు ఎక్కడికెళ్లాలో చెప్పే మనిషి లేడు. మంచితనానికి కొదవ లేదు, చెప్పేవాడికే కొదవ.

1990 మే తుఫాను కూడా ఇంచుమించు అంతటిదే. అప్పటికి నేను ఉద్యోగంలో ఉన్నాను. ఈసారి పోయినవాళ్లు వెయ్యిలోపు. ముందుగా హెచ్చరికలొచ్చాయి, జనాన్ని పెద్ద ఎత్తున ఖాళీ చేయించాం. చెప్పగానే జనం కదిలారనుకుంటారేమో. కదల్లేదు. గొడ్లను వదిలి రామన్నారు. మా పై ఆఫీసరు గారు దండోరా వేయించి, వేయించి విసిగిపోయారు. ఊరి వెట్టివాడు వచ్చి "అయ్యా, ముందు గొడ్లను విప్పి కరకట్ట మీదికి తోలండి, మనుషులు వాటి ఎనకాలే వస్తారు" అన్నాడు. ఆఫీసరు గారు ఆ మాట విన్నారు. చీకటి పడేలోపు ఊరు ఖాళీ. వెట్టివాడి తెలివి గొప్పదే, దాన్ని వినగలిగిన ఆఫీసరు కూడా గొప్పవాడే. సరళగారూ, మంగమ్మ గారు సంచులు లాగిస్తుంటే మీరు అడ్డుపడలేదు చూశారా, అది చిన్న విషయం కాదు.

ఇక చదువు సంగతి. 2010లో ఎన్‌డీఎంఏ (జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ) ఇన్సిడెంట్ రెస్పాన్స్ సిస్టమ్ అని, విపత్తులో ఎవరి పని ఏమిటో చెప్పే మార్గదర్శకాలు తెచ్చింది. జిల్లాలో కలెక్టరు బాధ్యుడు, కింద ఆపరేషన్స్ ఒకరు, ప్లానింగ్ ఒకరు, లాజిస్టిక్స్ ఒకరు. అందులో నాకు బాగా ఉపయోగపడింది ఒక చిన్న లెక్క: ఒక మనిషి నేరుగా ఐదుగురిని చూసుకోగలడు, మహా అయితే ఏడుగురు. అంతకుముందు నేను నలభై మంది వీఆర్వోలకు ఒక్కణ్ణే ఫోన్లు చేసేవాణ్ణి. గొంతు పోయేది, పని జరిగేది కాదు. శిక్షణలో ఈ లెక్క చెప్పినరోజు పదేళ్ల ముందే ఎందుకు చెప్పలేదా అనిపించింది. కాబట్టి చదువు వద్దనకండి.

ఉద్దానం_కుర్రాడు

తహశీల్దారు గారూ, గొడ్ల కథ మా నాన్నకు చదివి వినిపించాను. "మా జీడితోటలకు కూడా కాళ్లుంటే తోలుకుపోదుం" అన్నాడు.

2018 అక్టోబర్ 11, తిత్లీ. తెల్లారేసరికి కొబ్బరి, జీడి, పనస నేలమట్టం. సాయం బాగానే వచ్చింది, అబద్ధం చెప్పకూడదు. బియ్యం, దుప్పట్లు, కొవ్వొత్తులు. కానీ మాది కిడ్నీ జబ్బుల ప్రాంతం. మా పెదనాన్నకు వారానికి రెండుసార్లు డయాలసిస్. కరెంటు లేదు, రోడ్డుకడ్డంగా చెట్లు. గొడ్డళ్లతో కొట్టుకుంటూ మంచం మీద మోసుకుపోయాం. వచ్చిన టీముల్లో ఒక్కరంటే ఒక్కరు "మీ ఊళ్లో డయాలసిస్ వాళ్లెందరు" అని అడగలేదు. అందరి దగ్గరా ఒకే ఫారం, అందులో ఆ గడి లేదు. ఆ ఫారం తయారుచేసేవాళ్లు మీ కోర్సుల్లో చదువుకున్నవాళ్లే కదా? కోపంతో అనట్లేదు. నిజంగా అడుగుతున్నా.

విపత్తుల_విద్యార్థిని

అన్నా, నేను ఇదే చదువుతున్నాను కాబట్టి సమాధానం నేనే చెప్పాలి. మాకు స్ఫియర్ ప్రమాణాలు, అంటే విపత్తు సాయం కనీసం ఎంత ఉండాలో చెప్పే అంతర్జాతీయ కొలతలు, చెప్తారు. మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీళ్లు, శిబిరంలో మనిషికి మూడున్నర చదరపు మీటర్ల చోటు, 20 మందికి ఒక మరుగుదొడ్డి. ఇవి 1997లో మొదలైన ప్రయత్నం. రువాండా శరణార్థుల శిబిరాల్లో కలరాతో వేలమంది పోయాక, సాయం చేసేవాళ్లకు కూడా ఒక కొలత ఉండాలని పెట్టుకున్నారు. దీర్ఘకాలిక జబ్బులున్నవాళ్లకు మందులు, చికిత్స ఆగకూడదని కూడా అందులో ఉంది. డయాలసిస్ సంగతి ఆ కిందికే వస్తుంది. పుస్తకంలో ఉంది, మీ ఊరికొచ్చిన ఫారంలో లేదు. మధ్యలో ఎక్కడో పోయింది. సారీ అన్నా.

సరళక్కా, విదేశమే వెళ్లనక్కర్లేదు. ముంబై టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్)లో డిజాస్టర్ మేనేజ్‌మెంట్‌లో రెండేళ్ల మాస్టర్స్ ఉంది. ఇగ్నోలో దూరవిద్య పీజీ డిప్లొమా ఉంది, ఉద్యోగం మానకుండా చేయొచ్చు.

తుఫాను_తహశీల్దారు

విజయవాడ వాళ్లకు ఇంకా దగ్గర. గన్నవరం పక్కన కొండపావులూరులో ఎన్‌ఐడీఎం (విపత్తు నిర్వహణలో శిక్షణ ఇచ్చే జాతీయ సంస్థ) దక్షిణాది క్యాంపస్ 2025 జనవరిలో ప్రారంభమైంది. పక్కనే ఎన్‌డీఆర్ఎఫ్ పదో బెటాలియన్. బస్సెక్కితే సరిపోతుంది.

పాత_కాపు

15 లీటర్లా? సింగ్‌నగర్‌లో మేడ మీద కూర్చున్నవాళ్లకు రెండు లీటర్లు అందితే పండగ. ఈ లెక్కలు ఎవరికి?

విపత్తుల_విద్యార్థిని

లెక్క తెలిస్తేనే కదా "రెండు లీటర్లే అందింది, ఇంకా పడవలు కావాలి" అని గట్టిగా అడగగలం. లేకపోతే రెండే చాలనుకుంటాం.

పాత_కాపు

సరేనమ్మా. ఈ మాట నచ్చింది.

మెల్‌బోర్న్_తెలుగమ్మాయి

ఇక్కడ డీకిన్ యూనివర్సిటీ, సేవ్ ద చిల్డ్రన్ కలిసి నడిపే సెంటర్ ఫర్ హ్యుమానిటేరియన్ లీడర్‌షిప్ ఉంది. విపత్తు సహాయ నాయకత్వంలోనే గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్ ఇస్తారు. నా ఫ్రెండు ఒకమ్మాయి చేసింది. బాగుందంది. కానీ ఆమెను బాగా కదిలించింది వేరే చర్చ. 2016లో ఇస్తాంబుల్ సదస్సులో దాతలు, పెద్ద సంస్థలు గ్రాండ్ బార్గెయిన్ అని ఒప్పందం చేసుకున్నారు. సాయం డబ్బులో నాలుగోవంతు స్థానిక సంస్థలకు వీలైనంత నేరుగా అందాలని. 2020 గడువు. దాని దరిదాపులకు కూడా రాలేదు. అంటే నాయకత్వ కోర్సులు ఎన్ని పెట్టినా డబ్బు సంచి తాడు మాత్రం వాళ్ల చేతిలోనే. క్లాసులో ఆఫ్రికా, ఆసియా వాళ్లు ఈ మాట మొహం మీదే అడిగారట. టీచర్లు తప్పించుకోకుండా మాట్లాడారట.

జుబా_నుంచి

డబ్బు మాట వచ్చింది కాబట్టి సరళగారికి ఇంకో హెచ్చరిక. ఐక్యరాజ్యసమితి ఉద్యోగం కోసమైతే ఇప్పుడు ఈ కోర్సు చేయకండి. 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయం ఆపేశాక నాతో పనిచేసినవాళ్లలో ఎంతమంది ఇళ్లకు వెళ్లిపోయారో. ఇరవై ఏళ్ల సర్వీసు ఉన్నవాళ్లు కూడా. నేనూ తిరిగొచ్చి ఇప్పుడు ఏలూరులో ఉన్నాను. చదువు పనికొస్తుంది, కానీ ఆ చదువుతో వచ్చే పదవులు తగ్గిపోయాయి.

గుణదల_సరళ

లేదండీ, విదేశాలకు వెళ్లే ఉద్దేశం లేదు. ఇక్కడ కూడా పరిస్థితి అలాగే ఉంది. 2020లో ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) మార్చాక విదేశీ నిధిలో పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు, ఇంకో సంస్థకు మళ్లించకూడదు. అంతకుముందు పెద్ద సంస్థల ద్వారా చిన్న ఊళ్లలోని గ్రూపులకు కొంత అందేది. ఇప్పుడు ఆ దారి లేదు. ట్రైనింగ్ అని అడిగితే ముందు కోత పడేది అక్కడే.

మున్నేరు_గట్టు

ఖమ్మం నుంచి. రాత్రి నుంచి ఈ థ్రెడ్ చదువుతున్నా. అందరూ సరళక్క చేరాలా వద్దా అంటున్నరు. నాకు ఒకటే డౌట్. ఆ కోర్సులో మంగమ్మ గారికి సీటు ఉంటదా?

మాకు కూడా అదే సెప్టెంబర్ ఒకటిన మున్నేరు వచ్చింది. మా గల్లీలో అందరినీ మేడల మీదికి ఎక్కించింది మా అంగన్‌వాడీ టీచరమ్మ. ఎవరింట్ల చంటిపిల్ల ఉంది, ఎవరు నడవలేరు, ఎవరికి షుగర్ ఇంజెక్షన్ ఉంది, అన్నీ ఆమె నోట్లోనే ఉన్నయి. ఇంటర్ చదివింది. ఇంగ్లిష్ రాదు. పీజీ అంటే డిగ్రీ కావాలె, ఇంగ్లిష్ వ్యాసం రాయాలె, పాస్‌పోర్టు కావాలె. మొదటి రోజు నిజంగా నాయకత్వం చేసేవాళ్లు గేటు బయటే ఆగిపోతున్నరు. లోపలికి పోయేది పదో రోజు వచ్చేవాళ్లు.

108_పైలట్

అన్నా, దండం.

ఉద్దానం_కుర్రాడు

నేను ఫారం గురించి అన్నది కూడా ఇదే. మా ఆశ కార్యకర్తను అడిగుంటే డయాలసిస్ వాళ్ల పేర్లు నిద్రలో కూడా చెప్పేది.

విపత్తుల_విద్యార్థిని

ఆపద మిత్ర పథకంలో మామూలు వలంటీర్లకు 12 రోజుల శిక్షణ ఇస్తారు కదా?

మున్నేరు_గట్టు

ఇస్తరు, మంచిదే. కానీ తాడు ఎట్ల వేయాలె, ఈత ఎట్ల కొట్టాలె, సీపీఆర్ ఎట్ల చేయాలె అన్నదే ఎక్కువ. "ఈ ప్యాకెట్లు పంపొద్దు" అని చెప్పే అధికారం నీకుందమ్మా అని ఆమెకు ఎవరు చెప్తరు?

ఐసీయూ_సిస్టర్

మంగమ్మ గారు ఆ రోజు అధికారం కోసం చూడలేదు. అందుకే పని అయింది. కానీ మీ డైరెక్టర్ గారు తర్వాత వచ్చి "800 ప్యాకెట్లు ఎవరు పారేయమన్నారు" అని ఆవిడను అడిగుంటే? సరళగారూ, అడిగారా?

గుణదల_సరళ

అడిగారు. దాత పేరు, ఫొటో అన్నీ ఉన్నాయి కదా ఆ ప్యాకెట్ల మీద. "నేనే వద్దన్నాను" అని చెప్పాను. ఆ అబద్ధం ఒక్కటే ఆ రోజు నేను చేసిన మంచి పని అనుకుంటాను ఇప్పటికీ. పిన్నికి ఆ సంగతి తెలియదు.

తుఫాను_తహశీల్దారు

అమ్మా, మీరు కోర్సు చేసినా చేయకపోయినా లీడరే.

జుబా_నుంచి

తహశీల్దారు గారితో ఏకీభవిస్తూనే, కోర్సు చేయండి అంటాను. ఒక షరతు. చేరేముందే మీ ఆఫీసుతో మాట్లాడుకోండి. నేర్చుకున్నది తెలుగులో తిరిగి చెప్పడానికి మీకు నెలకు రెండు రోజులు ఇవ్వాలి. కోర్సు చేసొచ్చాక నన్ను రిపోర్టులు రాయడానికి కూర్చోబెట్టారు. మూడేళ్లు ఫీల్డ్ చూడలేదు. అది మీకు జరగకూడదు.

పాత_కాపు

నేను మొదట్లో వద్దన్నాను. ఇప్పుడూ ఫీజు విషయంలో నా మనసు ఒప్పట్లేదు. కానీ జుబా గారు ఏలూరులోనే ఉన్నారంటున్నారు, సరళగారిది బెజవాడ, తహశీల్దారు గారిది కృష్ణా జిల్లా. ఆ సిమ్యులేషన్ ఏదో మన దగ్గరే పెడితే నేను మా ఊరి నుంచి పదిమందిని తీసుకొస్తాను. భోజనాలు నా బాధ్యత. సాంబారన్నం మాత్రం పెట్టను.

108_పైలట్

😂 పులిహోర పెట్టండి బాబాయ్, నిలవ ఉంటుంది. ట్రయాజ్ రంగుల క్లాసు నేను తీసుకుంటాను. పాత చొక్కా గుడ్డలు నాలుగు రంగులవి చాలు, సామాన్లేం అక్కర్లేదు.

మున్నేరు_గట్టు

మా అంగన్‌వాడీ టీచరమ్మను అడిగిన. ఆదివారం అయితే వస్తదంట. బస్సు చార్జీలు నేను చూసుకుంట.

గుణదల_సరళ

నాలుగు రోజుల తర్వాత రాస్తున్నాను. మా డైరెక్టర్ గారితో మాట్లాడాను. ఫీజు ఇవ్వలేమన్నారు. క్లాసులకు వెళ్లే రోజులకు జీతంతో సెలవు ఇస్తామన్నారు. కోర్సువాళ్లకు మెయిల్ పెట్టి సిమ్యులేషన్ గురించి అడిగాను. ఐదు రోజులు ఉందట, ఆ తర్వాత రెండు రోజులు దాని మీదే చర్చ. ఇంకా ఒప్పుకుంటున్నట్టు రాయలేదు. మా ఆయన, నేను ఈ నెలాఖరులోపు తేల్చుకోవాలి.

ఒకటి మాత్రం తేల్చేశాను. ప్యాకెట్ల మీద దాత పేరుతో పాటు వండిన టైం మార్కర్‌తో రాయాలి. పడవ దగ్గర ఎవరుంటే వాళ్లు విప్పి చూసి ఆపేయొచ్చు, ఎవరి పర్మిషన్ అక్కర్లేదు. ఆఫీసు గోడ మీద తెలుగులో అంటించాం, డైరెక్టర్ గారు సంతకం చేశారు. మంగమ్మ పిన్నికి చదివి వినిపిస్తే "ఎన్ని గంటల తర్వాత పారెయ్యాలో కూడా రాయండే, ఎండాకాలం ఒకటి, వానాకాలం ఒకటి" అంది. ఆ క్లాసు ఆవిడే చెప్తుంది.

మన సిమ్యులేషన్ అక్టోబర్ తుఫాన్లు మొదలుకాకముందే పెట్టాలి. సెప్టెంబర్ రెండో ఆదివారం, మా ఆఫీసు మేడ మీద, పొద్దున తొమ్మిదికి. జుబా గారూ, ఆ జర్నలిస్టు వేషం ఎవరు వేస్తారు?

తుఫాను_తహశీల్దారు

చెక్‌పోస్టు దగ్గర ట్రక్కు ఆపే ఆఫీసరు వేషం నాకివ్వండి. కాగితాలన్నీ చూడందే కదలనివ్వను.